బంజరు అని రాసిందెవరు

మల్లెకుంట,
తెల్లాపూర్ పోస్టు.
9 జులై 1974.

రాజరాజేశ్వరి అక్కకు,

భూలక్ష్మి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు మా ఊళ్లో గ్రామసేవికగా ఉండి వెళ్లి ఆరేళ్లయింది. మా అరుగు మీద నువ్వు నేర్పిన చదువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో.

సంగతేమిటంటే, మొన్న సోమవారం మా నారుమడిలోకి జీపు వచ్చింది. గట్టు మీద ఆపలేదు అక్కా, నారు మీదికే ఎక్కించారు. నలుగురు దిగారు. గొలుసుతో కొలిచి, మా బావ పెంటయ్య మడిలో ఒక రాయి, మా బావి పక్కన ఒక రాయి పాతారు. నేను పరుగున పోయాను.

“ఎవరు సారూ మీరు? నారుల రాయి పాతుడేంది?”

“సర్వే అమ్మా. సిటీ ప్లాను.”

“సిటీ ఎక్కడ, మేమెక్కడ? లింగంపల్లి టేషన్‌కు పోవాల్నంటేనే గంట నడవాలె.”

వాళ్లలో ఒకడు నవ్వాడు. “సిటీయే మీ కాడికి వస్తది. నువ్వెందుకు నడుస్తవమ్మా?” అన్నాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన లింగమూర్తి మోట తోలుతూ అంతా చూశాడు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, రోజుకు నాలుగు మాటలు. “పీకి గట్టు మీద పెడ్దమా?” అన్నాడు. ముందు అక్కను అడుగుదాం, తర్వాత పీకుదాం అన్నాను.

నువ్విప్పుడు పట్నంలో ప్లాన్లు గీసే ఆఫీసులోనే కదా పనిచేస్తున్నావు. ఈ సిటీ ప్లానుకు మా నారుమడితో ఏం పనో కనుక్కొని రాయి. తొక్కిన నారు మళ్లీ పోసుకున్నాం. రాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

నీ చెల్లెలు,
భూలక్ష్మి


చిక్కడపల్లి,
హైదరాబాదు.
20 జులై 1974.

చెల్లి భూలక్ష్మికి,

నీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో. ఒక్క తప్పూ లేదు. నీ చేతిరాత నాకంటే బాగుంది.

రాళ్ల గురించి అంత కంగారు పడకు. రాబోయే ఇరవై ఏళ్లలో నగరం ఎటు పెరగాలి, ఇళ్లు ఎక్కడ, ఫ్యాక్టరీలు ఎక్కడ, రోడ్లు ఎక్కడ అని పెద్దవాళ్లు ముందుగా ఒక పటం గీసుకుంటారు. దానినే ప్లాను అంటారు. అది ఇంకా ముసాయిదాయే. కాగితం మీద గీసినవన్నీ నేల మీదికి రావు. వచ్చినా ఎన్నేళ్లు పడుతుందో ఎవరికి తెలుసు?

మా ఆఫీసులో నేను ట్రేసర్‌ని. ఇంజనీర్లు గీసిన పటం మీద పల్చటి గుడ్డ పరిచి, ఇంకుతో తిరిగి గీసి, వాళ్లు చెప్పిన చోట చెప్పిన రంగు నింపడమే నా పని. రోజూ ఎన్నో షీట్లు వస్తాయి, పోతాయి. ఏ ఊరు ఏ షీటులో ఉందో మాకు గుర్తు కూడా ఉండదు.

ఎండలు తగ్గాయా? బావి కింద ఈసారి ఏం వేశారు? లింగమూర్తి గారి నడుం నొప్పి ఎలా ఉంది? ఇక్కడ గోకరకాయ కొన్నాను. మీ చేలోదానికి ఉన్న రుచి దీనికి లేదు.

ప్రేమతో,
రాజరాజేశ్వరి


మల్లెకుంట.
18 ఆగస్టు 1974.

అక్కా,

నీ ఉత్తరం చదివి నాలుగు వారాలు నెమ్మదిగా ఉన్నాను. ఆ నెమ్మది పోయింది.

మొన్న పట్నం నుంచి వీరేశం అనే ఆయన వచ్చాడు. భూములు కొనిపించి అమ్మించే మనిషి. చంకలో చుట్టిన నీలం కాగితం. పెంటయ్య బావ వాకిట్లో మంచం వేయించుకొని, ఆ కాగితం పరిచి ఊరివాళ్లను పిలిచాడు. అదే మీ ప్లాను నకలట. మాకెవరూ చూపించని కాగితం అతని చంకలోకి ఎట్లా వచ్చింది అక్కా?

“ఇగో, గిది మీ ఊరు,” అని వేలు పెట్టి చూపించాడు. “కుంట కింద నూటపది ఎకరాలు, బావుల కింద నలభై. అంతా బంజరని రాసిన్రు. అంటె పంట పండని నేల. గందుకే ఇక్కడ ఇండ్లు కట్టాలని ప్లానుల పెట్టిన్రు. రేపు సర్కారు తీసుకుంటె బంజరు ధర కట్టిస్తది. నాకమ్మితె ఇయ్యాలనే మంచి ధర. మీ ఇష్టం.”

నేను ఆడవాళ్ల వెనక నిలబడ్డదాన్ని ముందుకొచ్చాను.

“బంజరా? నువ్వు కూసున్న మంచం అవతలనే వరి నాట్లున్నయ్. కనబడ్తలేవా?”

“నాకు కనబడ్తె ఏం ఫాయిదా అమ్మా? కాగితానికి కనబడాలె గద.”

“జర నువ్వు ఊకో భూలక్ష్మీ,” అన్నాడు బావ. “బంజరు ధరకు గుంజుకుంటె ఏం జేస్తవ్? ఇప్పుడే అమ్ముకునుడు నయం.” ఆయనను తిట్టాలని కూడా అనిపించలేదు. భయపడ్డ మనిషి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కుంట కింది మడి బావకు వచ్చింది, బావి కింది మూడెకరాలు మాకు వచ్చాయి. ఆయన అమ్మితే పక్కవాళ్లు అమ్ముతారు. తర్వాత కుంట తూము ఎత్తేవాడు కూడా ఉండడు.

మూసాపేటలో మా అమ్మగారి నేల ఇట్లాగే పోయింది. వంకాయ తోట ఉన్నచోట ఇప్పుడు రేకుల షెడ్లు. మా అమ్మ పోచమ్మ ముప్పై ఏళ్లు గంపలు మోసి పట్నానికి కూరగాయలు తినిపించింది. ఇప్పుడు గుప్పెడు కొత్తిమీర కోసం తోపుడు బండివాడితో బేరమాడుతున్నది.

ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందో గీయగలిగినవాళ్లకు ఈ ఏడు మా చేలో ఏముందో కనబడలేదా? ఇక్కడికి వచ్చి చూసింది ఎవరు? బంజరు అని రాసిందెవరు? నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావు. ఆ మనిషి పేరు కనుక్కొని నాకు రాయి.

భూలక్ష్మి


చిక్కడపల్లి.
27 ఆగస్టు 1974.

భూలక్ష్మీ,

ఆ మనిషి పేరు కనుక్కోవలసిన పని లేదు. ఆ రంగు వేసింది నేనే.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏ చేలో ఏ పంట వేశారో మీ పట్వారీ రామబ్రహ్మం గారు ఏటా పహాణీలో రాస్తారు కదా. మా సర్వే వాళ్లు ఊళ్లు తిరగడానికి బద్ధకించి, ఒక్క ఏడు పహాణీ తెప్పించుకున్నారు. అది డెబ్భై రెండుది. కరువు ఏడు. ఆ ఏడు మీ కుంట నెర్రెలు విచ్చింది. రామబ్రహ్మం గారు ప్రతి చేనుకు ఎదురుగా “పడావు” అని రాశారు. ఆ ఏడు దున్నలేదని దాని అర్థం. మా వాళ్లు దాన్ని బంజరు కింద ఎత్తి రాసేశారు. ఇప్పుడున్న నేలను చూపే పటంలో సాగుకు ఆకుపచ్చ, బంజరుకు గోధుమ రంగు. దాన్ని ముందు పెట్టుకొని రాబోయే ఇరవై ఏళ్ల పటం తయారుచేశారు. గోధుమ రంగు ఉన్నచోటల్లా ఇళ్లు పెట్టారు. మీ నారు తొక్కినవాళ్లు వచ్చింది ఇదంతా అయ్యాక, రోడ్డు గుర్తులు పాతడానికి.

ఆ షీటు నిరుడు వేసవిలో నా బల్ల మీదికి వచ్చింది. మల్లెకుంట పేరు చూసి కుంచె ఆపాను. లేచి మా సెక్షన్ పెద్ద యజ్ఞనారాయణ గారి దగ్గరికి వెళ్లాను.

“ఈ ఊళ్లో నేను రెండేళ్లు ఉన్నానండి. అక్కడ రెండు పంటలు పండుతాయండి.”

ఆయన ఫైల్లోంచి తల ఎత్తలేదు. “ట్రేసర్ పని ట్రేస్ చేయడమమ్మా. ఎవరికి తోచిన రంగు వాళ్లు వేస్తూ పోతే ప్లాను ఎప్పటికయ్యేను? మీది ఇంకా టెంపరరీ పోస్టే కదూ?”

నేను తిరిగి వచ్చి కూర్చున్నాను. గోధుమ రంగు కలిపి నింపాను. మీ బావి ఉన్నచోట కూడా నింపాను. సాయంత్రానికి ఆరిపోయింది. ఇంటికి వెళ్లి భోంచేశాను. ఇది కూడా నీకు తెలియాలి. ఆ రోజు నాకు ఆకలి వేసింది. తిన్నాను.

జులైలో నీకు రాసింది అబద్ధం. షీటు గుర్తుండకపోవడమేమిటి?

అభ్యంతరాలు చెప్పుకోవడానికి అక్టోబరు నెలాఖరు దాకా గడువుంది. ఒక పేపర్లో ప్రకటన వేశారు. ఆ పేపరు మీ ఊరికి రాదని మా వాళ్లకు తెలుసు. నాకూ తెలుసు.

రాజరాజేశ్వరి


మల్లెకుంట.
4 సెప్టెంబరు 1974.

రాజరాజేశ్వరి గారికి,

పుస్తకాల భాష ఇయ్యాల నాకు రాదు. నా మాటల్నే రాస్తున్న.

రెండేండ్లు మా ఇంట్ల ఉన్నరు. మీకు జ్వరమొస్తె బండి కట్టుకొని దవాఖానకు తీస్కపోయింది మా లింగమూర్తి. ఆ బావి నీళ్లు తాగిన్రు. ఆ చేన్ల కాయ తెంపుకొచ్చి వండుకున్నరు. ఎరుక లేనోడు బంజరని రాస్తె, వానికి తెల్వదని ఊకుందును. మీకు ఎరుకే. ఎరుక ఉండి రంగేసిన్రు.

ఆకలైంది, తిన్న అని రాసిన్రు. ఆ తిన్నది ఎవరు పండిస్తె మీ పళ్లెంలకు వచ్చింది? అది గూడ బంజర్లనే పండిందా?

మీ నౌకరి పోతదని భయపడ్డరు. ఒక్క నౌకరి. ఇక్కడ అరవై ఇండ్లోళ్ల నౌకరి మీరు ఒక్క పొద్దుల తీసేసిన్రు. మా లింగమూర్తికి చదివి వినిపిస్తె లేచి బయటికి పోయిండు. ఎడ్ల కాడ కూసున్నడు.

నాకు మీ బాధ వద్దు, మాఫీ అడుగుడు వద్దు. అర్జీ ఎట్ల రాయాలె, ఎవరికియ్యాలె, ఆఫీసు ఎన్ని గంటలకు తెరుస్తరు. ఈ మూడు చెప్పున్రి. ఇంకేం రాయకున్రి.

భూలక్ష్మి


చిక్కడపల్లి.
10 సెప్టెంబరు 1974.

భూలక్ష్మికి,

అడిగినవే రాస్తున్నాను.

ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే మీరు ఇవ్వనే లేదంటారు. రామబ్రహ్మం గారి దగ్గర ఐదేళ్ల పహాణీలకు నకళ్లు తీసుకోండి. కరువు ఏడు ఒక్కటి పక్కన పెడితే మిగిలిన నాలుగూ మీ తరఫునే మాట్లాడతాయి. అర్జీ కింద పట్టాదార్ల సంతకాలే కాదు, గంపలు మోసే ఆడవాళ్ల వేలిముద్రలు కూడా ఉండాలి.

అడగనిది ఒకటి రాస్తున్నాను, క్షమించు. “మా నేల తీసుకోవద్దు” అని మాత్రమే రాస్తే ఫైల్లో పెట్టి కట్టేస్తారు. ఇలాంటి అర్జీలు నేను చాలా చూశాను. నగరానికి వచ్చే జనానికి ఇళ్లు కావాలి, అది ఆఫీసర్ల మాట. దానికి మీ దగ్గర జవాబుండాలి. ఇళ్లు ఎక్కడ కట్టుకోవచ్చో మీరే చూపించండి. ఏ నేల ఎప్పటికీ సాగులోనే ఉండాలో, ఎందుకుండాలో చెప్పండి. మీ ప్లాను మీరే గీయండి. కొలత అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మీ ఊరి హద్దులు మాత్రం గీసిన ఖాళీ కాగితం ఒకటి దీనితో పంపుతున్నాను. దాని మీద నేను ఏ రంగూ వేయలేదు.

విచారణ నవంబరులో ఉంటుంది. ట్రేసర్లను ఆ గదిలోకి రానివ్వరు. గోడ ఇవతల డ్రాయింగు హాల్లో ఉంటాను.

రాజరాజేశ్వరి


మల్లెకుంట.
22 నవంబరు 1974.

రాజరాజేశ్వరి గారికి,

గోడ అవతల ఉండి మీరేం విన్నారో నాకు తెలియదు. లోపల ఏం జరిగిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

పహాణీ నకళ్లు రామబ్రహ్మం గారు ఇవ్వనన్నాడు. మా ఆడవాళ్లం పదకొండు మందిమి ఆయన వాకిట్లో కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచాం. ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. పొద్దున పోయి కూర్చోవడం, పొద్దు గుంకితే లేచి రావడం. మూడో రోజు నకళ్లు ఇచ్చాడు.

మోట తాడుతో చేలన్నీ కొలిచాం. ముసలి భాగ్యమ్మ ఏ నెలలో ఏ చేలో ఏముంటుందో చూడకుండా చెప్పింది, నేను రాసుకున్నాను. ఊరికి పడమట రెండొందల ఎకరాల రాళ్ల గుట్ట ఉంది కదా. మేకలు తప్ప ఎవరూ ఎక్కరు. ఇళ్లు అక్కడ కట్టుకోండి అని గీశాం. గుట్ట మీది నుంచి కుంటలోకి దిగే వాగుకు అడ్డం గోడ కట్టొద్దు, ఇళ్ల మురికి నీళ్లు కుంటలోకి వదలొద్దు, కుంట కింద, బావుల కింద నేల సాగుకే ఉండాలి, పొద్దున్నే కూరగాయలు మోండా మార్కెట్‌కు చేర్చే బస్సు ఒకటి కావాలి అని రాశాం. పెంటయ్య బావ సంతకం పెట్టలేదు. మిగిలిన అందరూ పెట్టారు.

విచారణ రోజు పన్నెండు మందిమి పోయాం. ఆఫీసరు మా పటం తిప్పి చూసి, “ఇది ఎవరు గీశారు?” అన్నాడు.

“మేమే సారూ.”

“ఇరవై ఏళ్లలో ఈ నగరానికి ఇంకా ఎన్ని లక్షల మంది వస్తారో తెలుసా అమ్మా? వాళ్లందరికీ ఇళ్లు కావద్దా?”

“కావాలె సారూ. గుట్ట చూపిచ్చినం గద. రాయి మీద ఇల్లు నిలుస్తది, వరి నిలువదు. ఆ వచ్చేటోళ్లు అన్నం తినరా మరి?”

“కూరగాయలకేముంది? ఎక్కడి నుంచైనా లారీల్లో వస్తాయి.”

అప్పుడు నాకు గొంతు లేచింది. లింగమూర్తి చెయ్యి పట్టి లాగుతున్నా ఆగలేదు. “ఎక్కడి నుంచి సారూ? మూసాపేట పాయె. జీడిమెట్ల దిక్కు కార్ఖానాలు లేస్తున్నయ్. రేపు మేం పోతం. ఎల్లుండి మా అవతలోళ్లు పోతరు. ఎవని చేను బంజరు గాకుంట మిగుల్తది, మీ లారీ నింపనీకి?”

ఆయన పహాణీ నకళ్లు పక్కకు నెట్టి, “మా రికార్డులో బంజరని ఉంది. రికార్డు తప్పని ఎవరు చెప్తారు?” అన్నాడు.

“రంగేసినోళ్లను పిలిచి అడుగున్రి,” అన్నాను.

“ఎవరు వేశారో నీకు తెలుసా?”

మీ పేరు నా నాలుక మీదికి వచ్చింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మూడు రోజుల నుంచి ఆలోచిస్తున్నాను. మీ మీద జాలితో కాదు. మీరే చెప్పాలి, నేను కాదు, అనిపించింది. “మీ ఆఫీసు సంగతి మీకెరుక,” అని దండం పెట్టి బయటికి వచ్చాం.

భూలక్ష్మి


చిక్కడపల్లి.
2 డిసెంబరు 1974.

భూలక్ష్మికి,

గోడ ఇవతలికి నీ గొంతు ప్రతి మాటా వినిపించింది. హాల్లో పధ్నాలుగు మంది ట్రేసర్లం ఉన్నాం. అందరూ పని ఆపేశారు. “రంగేసినోళ్లను పిలిచి అడుగున్రి” అన్నప్పుడు యజ్ఞనారాయణ గారు నా వైపు చూశారు. తల అడ్డంగా ఊపారు.

మీరు మెట్లు దిగి వెళ్లేదాకా కుర్చీలో నుంచి లేవలేకపోయాను. మీ ముందు లేచి ఉంటే బాగుండేది. అంత ధైర్యం లేదు. మీరు వెళ్లాక లేచి, ఆ షీటు తీసుకొని, పిలవకుండానే లోపలికి వెళ్లాను.

“ఈ రంగు వేసింది నేనండి. ఇది తప్పండి.”

ఆఫీసరు గారు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. “మీరే వేసి మీరే తప్పంటారా?”

“అవునండి. తప్పని తెలిసే వేశానండి. ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నాను. కరువు ఏడు పహాణీ ఒక్కటే చూసి బంజరు అని రాశారండి. ఆ ఒక్క షీటే కాదు. ఆ పక్కనున్న ఊళ్లన్నీ ఆ ఏడు పహాణీతోనే చేశామండి.”

“నోటితో చెప్పినది నేనెక్కడ పెట్టుకోను?”

“రాసిస్తానండి.”

ఆయన బల్ల దగ్గరే నిలబడి రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, మీ పటాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుని గుట్ట ఉన్నచోట ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. అది మంచికో చెడుకో నాకు తెలియదు.

బయటికి వస్తే యజ్ఞనారాయణ గారు, “మీకు ముందే చెప్పాను కదమ్మా,” అన్నారు. మర్నాడు మెమో ఇచ్చారు. రికార్డును బుద్ధిపూర్వకంగా తప్పుగా నింపినందుకట! తప్పుగా రాసి ఇచ్చినవాళ్లకు మెమో లేదు. నింపమన్నవాళ్లకు మెమో లేదు. అది చదువుతుంటే నాకు మొదటిసారి కోపం వచ్చింది భూలక్ష్మీ. ఇన్నాళ్లూ నాకు వచ్చింది భయమే.

ఆదిలాబాదులో ఒక చిన్న కార్యాలయానికి నన్ను బదిలీ చేశారు. ఉద్యోగం పోలేదు. అక్కడ పటాలు లేవట, ఉత్తరాల మీద నంబర్లు వేసే పని. పదో తారీఖున వెళ్తున్నాను. ఇది నువ్వు నన్ను మన్నించాలని రాయలేదు. నేను రాసిచ్చిన కాగితం నీకు అక్కరకు రావచ్చు. నకలు ఇందులో పెట్టాను.

రాజరాజేశ్వరి


మల్లెకుంట.
6 ఏప్రిల్ 1975.

అక్కా,

నీ ఆదిలాబాదు అడ్రసు కోసం చిక్కడపల్లిలో మీ ఇంటివాళ్లకు రెండు కార్డులు రాశాను. అందుకే ఆలస్యం.

ఆర్డరు వచ్చింది. కుంట కింది నూటపది ఎకరాలు సాగు కింద ఉంచారు. ఇళ్లు గుట్ట మీదికి జరిపారు. ఊళ్లో డప్పు కొట్టించారు. భాగ్యమ్మ నా నెత్తిన చెయ్యి పెట్టి ఏడ్చింది. నేను మిగిలిన కాగితం చదువుకుంటూ నిలబడ్డాను. రెండో పేజీలో ఉంది, అడుగున. “బావుల కింది భూమికి స్థిరమైన నీటి వసతి లేనందున, నివాస ప్రాంతంగానే కొనసాగును.”

మా మూడెకరాలు పోయాయి. ఇంకా తొమ్మిది ఇళ్లవాళ్లవి పోయాయి.

స్థిరమైన నీరు లేదట అక్కా! కరువు ఏడు కుంట ఎండితే ఈ ఊరంతా తాగింది మా బావి నీళ్లే. కుంటలో నీళ్లు లేక పైరు పెట్టలేదని బంజరు అని రాశారు. ఇప్పుడు బావిలో నీళ్లు ఉన్నా కుంట కాదు కాబట్టి ఇళ్లు కడతారట. నేను పట్నం పోయి ఆఫీసరును అడిగాను. “నీ ఊరిని నిలబెట్టావు కదమ్మా, తృప్తి పడు,” అన్నాడు. చాలా మంచిగా, కుర్చీ కూడా వేయించి అన్నాడు. నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. “తృప్తి సంగతి మీకెందుకు సారూ? నీళ్ల సంగతి చెప్పున్రి,” అని నిలబడే మాట్లాడి వచ్చాను.

సంతకం పెట్టని పెంటయ్య బావ నేల మిగిలింది. ఆయన మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. వీరేశం ఇప్పుడు మా ఊరికి రాడు, సాగు నేల కొనేవాళ్లు లేరట. మొన్న కుంట కట్ట మీద బావ ఎదురుపడి ఆగి, మొహం పక్కకు పెట్టుకొని అన్నాడు: “పండించుకోమని ఆర్డరిచ్చిన్రు. పండిస్తె బతుకుతరని గూడ ఆర్డరిచ్చిన్రా?”

ఆ మాట తప్పు కాదు అక్కా. పటంలో ఆకుపచ్చ వేసి వదిలేస్తే సరిపోదు. బస్సు ఇయ్యలేదు, కరెంటు ఇయ్యలేదు, వాగుకు అడ్డం గోడ కట్టొద్దన్న మాట ఆర్డరులో ఎక్కడా లేదు. పైన ఇళ్లు లేస్తే కింద కుంట ఎన్నాళ్లుంటుంది? కొత్త అర్జీలో ఇవన్నీ రాశాను. బావ అన్న మాట ఆయన పేరు పెట్టకుండా ఉన్నదున్నట్టు రాశాను. లింగమూర్తి విని, “గది మంచిగున్నది,” అన్నాడు.

నువ్వు రాసిచ్చిన కాగితం నకలు పనికొచ్చింది. పక్క ఊళ్లన్నీ ఆ కరువు ఏడు పహాణీతోనే చేశారని నువ్వు రాశావు కదా. ఆ ఒక్క ముక్క పట్టుకొని నేను నల్లగండ్ల పోయాను, గోపనపల్లి పోయాను, తెల్లాపూర్‌లో రెండు వాడలు తిరిగాను. వాళ్లెవరికీ తమ నేల బంజరయిందని తెలియదు అక్కా. మోట తోలుతూ, కలుపు తీస్తూ ఉన్నవాళ్లు నా మాట విని నవ్వారు. కాగితం చదివాక నవ్వలేదు. ఇప్పుడు ఏడు ఊళ్ల ఆడవాళ్లు తాళ్లు పట్టుకొని చేలు కొలుస్తున్నారు. రామబ్రహ్మం గారు నన్ను చూస్తేనే నకళ్లు తీసి పెడుతున్నాడు.

నీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అప్పుడప్పుడు బావి దగ్గర నిలబడితే మళ్లీ లేస్తుంది. అయినా నువ్వు పిలవకుండానే ఆ గదిలోకి పోయావు. మెమోలో వాళ్లు నీ ఒక్కదాని పేరే రాయడం నాకు నచ్చలేదు. మిగిలినవాళ్ల పేర్లు కూడా రాయాలని అర్జీ చివర అడిగాను. సెలవు దొరికితే రా. అరుగు మీద గది ఖాళీగానే ఉంది.

కొత్త అర్జీ మీద విచారణ మే పదిహేనున. క్రితంసారి పన్నెండు మందిమే కాబట్టి ఆఫీసరు కూర్చొని మాట్లాడాడు. నిన్న నేనే ఆ ఆఫీసుకు కార్డు రాసి లింగంపల్లిలో డబ్బాలో వేసి వచ్చాను. పదిహేనో తారీఖు ఏడు ఊళ్ల నుంచి నూటముప్పై మందిమి వస్తున్నాం, అందరం మాట్లాడతాం, మీ గదిలో పట్టకపోతే మీరే మా గట్ల మీదికి రండి, ఇక్కడ కూర్చోవడానికి చోటుంది అని రాశాను.

నీ చెల్లెలు,
భూలక్ష్మి